కోటు సంగతి చెప్పలేదు

పన్నెండో నంబరు పెట్టెలో
ఎవరో మర్చిపోయిన నవల.
అట్ట లేదు, రాసినవాడి పేరు లేదు.
వెనక పేజీల్లో జిడ్డు, జున్ను చుట్టిన గుర్తు.
డిపో రూలు ప్రకారం మూడు రోజులు దాచి
అడిగినవాళ్లకి ఇచ్చెయ్యాలి.
చదవకూడదని రూల్లో లేదు.

మొదటి వాక్యం ఇది:
"ఎందుకు బతుకుతున్నానో తెలిసేదాకా
ఈ వంతెన దిగను అనుకున్నాడు అతను."

చదివి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాను.
అద్దాల మీద మరకేమీ లేదు.

అయ్యా, రాసినాయనా,
నా పేరు లామ్జిరా. చియాతురాలో
తాడు మీద నడిచే ఇనప పెట్టెకి కండక్టర్ని.
ఇరవై ఆరేళ్లుగా
కింద ఊళ్లోంచి పైన మాంగనీస్ గనికి,
గని దగ్గర్నుంచి మళ్లీ ఊళ్లోకి.
మీవాడికి వంతెన దొరికింది, అదృష్టవంతుడు.
వంతెన మీద ఎంతసేపైనా నిలబడొచ్చు.
నా పెట్టె ఎక్కాక
అటు గట్టుకైనా పోవాలి, ఇటు గట్టుకైనా రావాలి.
నడిమధ్యలో దిగుతానని ఇంతవరకు
ఎవరూ అడగలేదు.
ఒక్కడు అడిగాడు లెండి, ఒతారీ.
తాగి ఉన్నాడు. తలుపుకి వీపు ఆనించి
గట్టు వచ్చేదాకా నిలబడ్డాను.
మర్నాడు పొద్దున్నే అర డజను గుడ్లు తెచ్చి
మాటా పలుకూ లేకుండా ఇచ్చిపోయాడు.
రెండు పగిలి ఉన్నాయి.

మధ్యలో ఆగడం అంటారా,
ఆగాం.
రోజుకి రెండు గంటలే కరెంటు వచ్చే ఆ చలికాలం
క్విరిలా నదికి సరిగ్గా పైన
గంటా పది నిమిషాలు.
లోపల ఏడుగురం.
రాత్రి డ్యూటీకి పోయే ఇద్దరు గని వాళ్లు,
మంత్రసాని జుజునా,
వయొలిన్ పెట్టెలో బంగాళాదుంపలు మోసుకెళ్తున్న
సంగీతం మాస్టారు,
చంకలో కోడిపుంజుతో గోగుత్సా,
ఓ పిల్లాడు, నేను.
గాలికి పెట్టె ఊగింది. తాడు మూలిగింది.
మీ నవల్లో అయితే
ఎవరో ఒకరు కిటికీలోంచి కిందికి చూసి
ఓ గొప్ప మాట అనేవారు.
మా దగ్గర కోడి రెట్ట వేసింది.

జుజునా వాచీ చూసుకుంటూ
"పైన ఒకామెకి నొప్పులు మొదలయ్యాయి,
రెండో కాన్పు, ఆలస్యం కాదు" అంది.
అంతే, ఇంక ఏడుగురం
మొహమైనా ఎరగని ఆ ఆడమనిషి గురించే.
నీళ్లు కాచడానికి కట్టెలున్నాయో లేదో,
పెద్ద పిల్లని ఎవరు పట్టుకుంటారో,
అత్తగారు మంచిదేనా.
మాస్టారు మూడు బంగాళాదుంపలు తీసి
జుజునా సంచీలో వేశాడు.
ఎందుకని ఎవరూ అడగలేదు.

మేం చేరేసరికి బిడ్డ పుట్టేసింది.
బొడ్డు పక్కింటి ముసలాయన కోశాడట,
గొర్రె బొచ్చు కత్తిరించే కత్తెరతో.
ఆ పిల్ల పెరిగి నా పెట్టెలోనే బడికి పోయింది.
ఒక్కరోజు టిక్కెట్టు కొన్న పాపాన పోలేదు.

కాబట్టి నేను చెప్పేదేమిటంటే...
ఏమీ లేదు. "కాబట్టి" అని ఎత్తుకోకుండా ఉండాల్సింది.

నాకూ అడుగు అందని రోజులున్నాయి.
మా ఆయన పోయిన ఏడు
గాలి వేగం రాయాల్సిన గడిలో
నలభై రోజులు సున్నా రాశాను.
గాలి వీస్తూనే ఉంది. నేనే చూడలేదు.
అందుకని మీవాణ్ణి చూసి నవ్వను.

ఒక్కటే నన్ను పట్టి పీకుతోంది.
పదో వాక్యంలో నవంబరు అన్నారు,
పన్నెండో వాక్యానికి మంచు పడుతోందన్నారు.
నీళ్ల రంగు రాశారు, దీపాలు రాశారు,
వాళ్ల తాత గోడ గడియారం గురించి
పేజీ అంతా రాశారు.
కోటు వేసుకున్నాడా లేదా?
గుండీలన్నీ ఉన్నాయా?
ఇంటి దగ్గర దాన్ని తగిలించే మేకుందా,
ఖాళీగా ఉన్న ఆ మేకు వైపు
ఇప్పుడు ఎవరైనా చూస్తున్నారా?

పైనుంచి గంట రెండుసార్లు మోగింది.
పెట్టె కదిలింది.
గడియ మీద ఒక చెయ్యి ఉంచి
రెండో చేత్తో పేజీ తిప్పాను,
కోటు కోసం.